నాతాను దొర రాయి మీద సున్నం

పొద్దున లైబ్రరీ తాళం తీస్తుంటే తడి సున్నం వాసన తగిలింది. నేను పనిచేసే కాలేజీకి తనిఖీకి ఎవరో వస్తున్నారని గేటు దగ్గరి నుంచి ఆఫీసు దాకా చెట్ల మొదళ్ళకు సున్నం పూస్తున్నారు. సగానికి కోసిన డ్రమ్ములో రాతి సున్నం వేసి ఒకామె నీళ్ళు పోస్తోంది. అది కుతకుత ఉడుకుతోంది. ఆ ఆవిరి ముక్కుకు సోకగానే నా గోళ్ళ చివర్లు మండాయి. చేతులకు సున్నం లేదు, పుండ్లూ లేవు, అయినా మండాయి. తాళంచెవి తలుపుకే వదిలేసి మెట్ల మీద కూర్చుండిపోయాను.

నా దగ్గర ఒక వార్త ఉంది. చాలా మంచి వార్త. నేను వార్తను కడుపులో దాచుకోగలిగిన మనిషిని కాను. డిగ్రీ పాసైన రోజు మొయినాబాద్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి, ఊరు వచ్చేలోపు అందులో ఉన్న ఏడుగురికీ చెప్పాను. దిగాక కిరాణా కొట్టు ఆయనకు చెప్పాను, గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయనకు చెప్పాను. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. ఆ మాత్రం అరవకపోతే ఎట్లా? ఇప్పుడు నా దగ్గరున్న వార్త దానికన్నా పెద్దది. దాన్ని వినవలసిన మనిషి మాత్రం ఒక్కతే. ఆమె లేదు. అందుకే ఆమెను ఎన్నడూ చూడని మీకు చెబుతున్నాను. ముందు ఆమె ఎవరో చెప్పాలి. ఆమె తెలియకుండా వింటే అది ఒట్టి రాయి మీది రాత.

మాది ఎంకపల్లి దాటాక వచ్చే చిన్న ఊరు. బస్సు దిగి ఫామ్‌హౌస్‌ల పొడవాటి గోడల మధ్య నడిస్తే మొదట చర్చి, దాని వెనక సమాధుల తోట, ఆ తర్వాత మా ఇళ్ళు. నన్ను కన్న బాపు, అవ్వ ఇద్దరూ గులాబీ తోటల్లో కూలికి పోతారు. నేను చెప్పే మనిషి రూతమ్మ టీచర్. ఊరి బడిలో ముప్పై ఏళ్ళ పైన పాఠాలు చెప్పి రిటైరైంది. నేను ఆమె బడిలో చదివింది రెండేళ్ళే. మిగతా చదువంతా ఆమె ఇంటి అరుగు మీద చదివాను. సన్నగా, పొడుగ్గా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఆమె కళ్ళు మా ఎవరి కళ్ళలాగా ఉండేవి కావు. పలచటి తేనె రంగు. పిల్లికండ్ల టీచర్ అని పిల్లలు చాటుగా అనేవాళ్ళు. పెద్దవాళ్ళు ఆ కళ్ళ వెనక ఒక కథ చెప్పేవాళ్ళు.

టీచర్ ముత్తాత అమెరికా మనిషి. చాలా కాలం కింద దొరలు మా వైపు చర్చి కట్టడానికి వచ్చినప్పుడు వాళ్ళ వెంట వచ్చిన వడ్రంగి. పేరు నేథన్ కోల్. ఊరు అతన్ని నాతాను దొర అంది. మా చర్చి తలుపులు, లోపలి బల్ల అతను చేసినవే. ఆ తలుపులు ఇప్పటికీ వానాకాలంలో కూడా బిగుసుకోవు. జ్వరం వచ్చి ఇక్కడే చనిపోయాడు. అతనికీ, మా ఊరి శాంతమ్మకూ పుట్టిన కొడుకు దావీదు. దావీదు టీచర్‌కు తాత. ఇక్కడి దాకా అందరూ ఒప్పుకుంటారు. తర్వాతి మాట దగ్గరే గొంతులు తగ్గేవి. దొర శాంతమ్మను పెళ్ళాడాడా, ఉంచుకున్నాడా? ఊరు రెండో మాటే అనేది. ఆ మాట నాలుగు తరాలు నడిచి టీచర్ గడప దాకా వచ్చింది. "మా నాయిన సచ్చేదాంక చర్చిల ముందు వరుసల కూసోలే పిల్లా," అని నాతో ఒకసారి అంది. "ఎవ్వరు లేవమనలే. గానీ కూసోలే." ఆమెకు కావలసింది ఒకటే. శాంతమ్మ భార్య అని ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట రాసిన ఒక్క మాట.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ ఆమె అరుగు ఎక్కాను. "టీచర్! టీచర్! ఆలూరు కాడ బస్సు బోల్తా పడ్డదంట! పది మంది సచ్చిపోయిన్రంట!"

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. "చూసినవా, విన్నవా?"

"విన్న."

"ఎవల నోట?"

"లక్ష్మక్క."

"లక్ష్మి చూసిందా?"

సాయంత్రానికి తేలిందేమిటంటే, బస్సు టైరు పంక్చరైంది, ఎక్కినవాళ్ళంతా దిగి చెట్టు కింద కూర్చున్నారు, అంతే. మర్నాడు టీచర్ ఒక పెద్ద నోటుపుస్తకం తెచ్చి, ఇంట్లోంచి మడతలు మడతలుగా విప్పే చెక్క కొలబద్ద తీసింది. నాతాను దొరదట, ఆ ఇంట్లో మిగిలిన అతని వస్తువు అదొక్కటే. దాన్ని ఆనించి పేజీ నడిమధ్యన నిలువు గీత గీసింది. ఎడమ వైపు 'చూసింది' అని, కుడివైపు 'విన్నది' అని రాసింది. "నీ నోరు ఆగదు, నాకు తెలుసు. నోరు ఆపమంట లేను. ముందు ఇండ్ల రాసి, తర్వాత ఊరంత చెప్పు." ఆ పుస్తకంలోనే మేమిద్దరం నాతాను దొర గురించి తెలిసినదంతా రాస్తూ వచ్చాం. శాంతమ్మ పాటలు బాగా పాడేది: విన్నది. దొర ఎడమచేతి వాటం: విన్నది. తలుపు వెనక ఉలితో చెక్కిన N.C.: చూసింది. కుడివైపు పేజీలు పేజీలు నిండాయి. ఎడమవైపు చాలా రోజులు ఐదారు వరుసలే ఉండేవి.

ఈస్టరుకు ముందటి శనివారం మా ఊళ్ళో సమాధులకు సున్నం వేస్తారు. మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులతో అందరం అక్కడికే పోతాం కాబట్టి, ఎవరి వాళ్ళ సమాధులు వాళ్ళు తెల్లగా చేసుకుంటారు. తోటలో మర్రిచెట్టు నీడలాంటిదేమీ లేదు, ఒకటే ఎండ. చర్చి వైపున దొరల వరుస ఉంటుంది. నాలుగు సమాధులు. మూడింటికి పట్నం నుంచి తెచ్చిన పాలరాళ్ళు. అవి ముందే తెల్లవి, వాటికి సున్నం ఎవరూ వేయరు. నాలుగోది నాతాను దొరది. మామూలు షాబాద్ బండ నిలబెట్టారు. దానికి సున్నం వేసే హక్కు టీచర్ ఇంటిది. వాళ్ళ నాయిన వేసేవాడు, అంతకు ముందు తాత వేసేవాడు. నాకు పన్నెండేళ్ళు వచ్చిన ఏడాది నుంచి కుంచె నా చేతికి వచ్చింది. టీచర్ బకెట్టులో కొంచెం బెల్లం నీళ్ళు కలిపేది, పట్టు బాగా ఉంటుందని. "దండిగ పెట్టు పిల్లా. ఒక్క పూత సాలదు. రెండు, మూడు. మనోడు ఒక్కడే నల్లగ కనవడొద్దు." పాత సున్నం గీకడం మా దగ్గర లేదు. సమాధికి ఇనుము తగలకూడదని పెద్దల మాట. పాతదాని మీదే కొత్తది.

ఆ మొదటి ఏడాదే, పూత ఆరేదాకా కూర్చున్నప్పుడు, సంఘ పెద్ద యేసుదాసు తాత అటుగా వచ్చాడు. ఆయనంటే ఊరికి భయం, గౌరవం రెండూ ఉండేవి. "ఏం దొరసానీ, తెల్లగైండా మీ తాత?" అన్నాడు టీచర్‌తో. ఆయన అలాగే అనేవాడు. టీచర్ నవ్వింది. నేనే అడిగాను: "తాతా, గీ రాయి మీద పేరు లేదెందుకు? ఆ మూడింటి మీద ఉన్నది గదా?"

"కట్టెపని జేసె వడ్లాయినకు పేరెవ్వలు చెక్కుతరు బిడ్డా? నా చిన్నప్పటికెల్లి అది మొండిరాయే."

నేను ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో రాశాను. నేనే ఆ రాయి అంతటా కుంచె తిప్పాను గదా, నా కళ్ళతో చూశాను గదా అనుకుని, ఎడమవైపు రాశాను. చూసింది: నాతాను దొర రాయి. రాత లేదు. టీచర్ ఆ పేజీ చూసి తల ఊపింది. ఆ వాక్యం మీరు గుర్తుపెట్టుకోండి. నేను దాన్ని మర్చిపోయి పదేళ్ళు బతికాను.

ఇంటర్ అయ్యాక బాపు నన్ను గులాబీ తోటకు తీసుకుపోదామనుకున్నాడు. తప్పు పట్టడానికి లేదు, ఇంట్లో చదివినవాళ్ళను ఆయన చూడలేదు. టీచర్ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, అవ్వ వేసిన పీట మీద కూర్చుని, డిగ్రీ దరఖాస్తు ముందు పెట్టింది. బాపు ఆ కాగితాన్ని ముట్టుకోకుండానే అడిగాడు: "డిగ్రీ అంటే ఎన్ని దినాలు టీచర్?"

"మూడేండ్లు మల్లయ్య."

"మూడేండ్లా! మూడేండ్లల్ల గులాబి చెట్టు ఎన్నిసార్లు పూస్తదో ఎరికేనా?"

"ఎరికే. గానీ నా పని ఒకటి సగంల ఆగింది. ఇంగ్లీషుల రాసిన పాత కాయిదాలు చదివెటోళ్ళు గావాలె. నాకు కండ్లు కనవడతలేవు. నీ బిడ్డను నా కండ్లనుకో."

బాపు చాలాసేపు బీడీ వెలిగించకుండా పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వేలిముద్ర వేశాడు. ఆ ముద్ర పక్కన టీచర్ తన అక్షరాలతో బాపు పేరు రాసింది. నేను చేవెళ్ళలో డిగ్రీకి చేరడానికి కారణం నా తెలివి అని చాలామందికి చెప్పుకున్నాను. అది విన్నది. చూసింది ఇది.

చేవెళ్ళలో, ఒకప్పుడు చర్చిలో వాక్యం బోధించిన ఒక ముసలి ఉపదేశి ఇంట్లో పాత బాప్తిస్మ రిజిస్టరు ఉందని తెలిసి, రెండో ఏడాది ఇద్దరం వెళ్ళాం. ఆయన మంచం కిందినుంచి రేకు పెట్టె లాగి, గుడ్డ విప్పాడు. నేను చదువుతుంటే టీచర్ నా భుజం పట్టుకుని నిలబడింది. దొరికింది! బిడ్డ దావీదు. తండ్రి నేథన్ కోల్, వడ్రంగి. తల్లి శాంతమ్మ. అంతే, ఇంకేమీ లేదు. భార్య అని లేదు, కాదని లేదు. పెళ్ళిళ్ళ పేజీలు వెనక ఉండాలి. తిప్పితే అక్కడ చెదలు తిన్న జల్లెడ. వేలు పెడితే పొడి రాలింది. ఉపదేశి ఇబ్బందిగా నవ్వాడు. టీచర్ ఆ పొడిని అరచేతిలోకి తీసుకుని చూసి, "చెదపురుగు గూడ సంఘ పెద్దనే ఉన్నట్టున్నది, పెండ్లి ముచ్చట్లే తిన్నది," అంది. ముగ్గురం నవ్వాం. బస్సులో మాత్రం ఆమె మొయినాబాద్ వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

ఇక మిగిలింది అమెరికా. కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చుని, వంశవృక్షాలు పెట్టుకునే చోట్లన్నీ వెతికాను. కోల్ అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళకు ముప్పై దాకా ఉత్తరాలు పంపాను. ఆరు నెలలకు మార్గరెట్ అనే పెద్దావిడ నుంచి జవాబు వచ్చింది. నాతాను దొర అన్నకు ఆమె మునిమనవరాలు. ఒక ఫొటో కూడా పంపింది. అది ఆదివారం. ఆరాధన అయిపోయి అందరూ చర్చి మెట్ల మీద ఉన్నారు, నా ఫోను మోగింది. మొదటి రెండు వాక్యాలు చదివానో లేదో గట్టిగా అరిచాను. "టీచర్! దొరికిన్రు! మనోళ్ళు దొరికిన్రు! అమెరికాల మీ దాయాదులు!"

అందరూ మూగారు. యేసుదాసు తాత కూడా చేతికర్ర ఆనించి నిలబడ్డాడు. "సదువు బిడ్డా, అందరం ఇంటం," అన్నాడు. మిగతా ఉత్తరం నేను ముందుగా చదువుకోలేదు. అక్కడే, అప్పుడే, ఇంగ్లీషును తెలుగు చేస్తూ, గొంతెత్తి చదువుతూ పోయాను. నేథన్ మా ముత్తాత తమ్ముడు. వడ్రంగి. మిషను వాళ్ళతో ఇండియాకు వెళ్ళాడు. అక్కడే జ్వరంతో పోయాడు. మా ఇంటి పెద్ద బైబిలులో అతని పేరు పక్కన ఇలా రాసి ఉంది: పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వచ్చేశాక అది ఏమిటో నాకు తెలిసింది. ఎవరో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచర్ నా చేతిలోంచి ఫోను తీసుకుని, ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసింది. పాతికేళ్ళ కుర్రవాడు. పలచటి కళ్ళు. మామూలు గొంతుతో అడిగింది: "ఆ బైబిల్‌ల ఎవల రాత అది? చూసినోళ్ళదా, విన్నోళ్ళదా?"

"అతని తల్లి రాసిందంట టీచర్."

"ఆమె ఈడికి వచ్చిందా?"

"రాలే."

"అయితె కుడివైపు రాయి," అని ఇంటి వైపు నడిచింది. ఆమె నడక నేను వెనక నుంచి చూశాను. ఎప్పుడూ నిటారుగా పోయే మనిషి, గోడ పట్టుకుని పోయింది.

ఆ తర్వాత ఆమె నాతాను దొర పేరు ఎత్తడం తగ్గించింది. నేను క్షమించమని అడిగితే, "నువ్వు తప్పేం జేసినవే? ఉన్నది సదివినవు," అంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. ఆ చలికాలం ఆమెకు ఊపిరి ఆడకపోవడం మొదలైంది. పట్నంలో దవాఖానకు తీసుకుపోతే గుండె బలహీనమైందన్నారు. తిరిగి వచ్చిన వారానికి నన్ను తోడు తీసుకుని చర్చికి పోయింది. పెద్దలు కూర్చునే రోజు అది. నిలబడే అడిగింది.

"అన్నా, ఒక్కటే మనవి. నా దినం వస్తె నన్ను దొరల వరుసల, మా ముత్తాత పక్కన పెట్టున్రి. ఒక్క మనిషికి జాగ ఉన్నది ఆడ. కొలిచి చూసిన."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. యేసుదాసు తాత మెల్లగానే మాట్లాడాడు. ఆయన కసితో అన్నాడని నేను చెప్పను. ఆయన నియమం ఆయనది. "చెల్లె, అది మిషను వరుస. ఇంటోళ్ళకైతె ఇయ్యొచ్చు. నువ్వు ఇంటిదానివే అని మేం రాసుకోవాలంటె ఏదన్న ఉండాలె గదా. పెండ్లి అయినట్టు ఏడ లేదు. ఆళ్ళ బైబిల్‌లనే కాలేదని ఉన్నది. ఈ పిల్లనే సదివె, అందరం ఇంటిమి."

టీచర్ నా వైపు చూడలేదు. "మంచిదన్నా," అని, నా భుజం పట్టుకుని బయటికి వచ్చింది. మెట్లు దిగుతూ నాతాను దొర చేసిన తలుపు మీద ఒకసారి చేయి వేసింది.

వానాకాలం మొదట్లో ఆమె పోయింది. నా ఆఖరి పరీక్షలు అయిన నాలుగో రోజు. ఫామ్‌హౌస్ గోడ పక్కన, తోట ఆ చివర, కొత్త వరుసలో పెట్టారు. గోడ అవతల ఎవరిదో పుట్టినరోజు, పెద్ద స్పీకర్లలో పాటలు. పాస్టరయ్య ప్రార్థన నాకు సగమే వినపడింది. మట్టి వేసి అందరూ పోయాక, కొలబద్ద తెచ్చి దొర రాయి నుంచి ఆమె దాకా కొలిచాను. ఎందుకు కొలిచానో తెలియదు. అరవై మూడుసార్లు కొలబద్ద పరిచాను. నెల రోజుల తర్వాత నా ఫలితాలు వచ్చాయి. షేర్ ఆటోలో ఏడుగురికి చెప్పానన్నది అప్పుడే. ఊరు చేరి, అలవాటుగా ఆమె అరుగు దాకా పరుగెత్తాను. తాళం ఉంది.

ఈ ఏడాది ఈస్టరుకు పది రోజుల ముందు మా వైపు వడగళ్ళు పడ్డాయి. మధ్యాహ్నం పూట, అరగంట. గులాబీ తోటల మీది కప్పులు చిరిగిపోయాయి. వాన తగ్గాక ఆమె సమాధి మట్టి కొట్టుకుపోయిందేమో చూద్దామని వెళ్ళాను. మట్టి బాగానే ఉంది. తిరిగి వస్తూ దొరల వరుస దగ్గర ఆగాను. నాతాను దొర రాయి మీద సున్నం పగిలి ఉంది. నూరేళ్ళకు పైబడిన పూతలు, పొర మీద పొర, వేలెడు మందం. ఒక పెచ్చు ఊడి అంచున వేలాడుతోంది. పడిపోతుందని పట్టుకున్నాను. గుడ్డు పెంకులాగా, అరచేయంత, నా చేతిలోకి వచ్చేసింది. తిప్పి చూశాను. లోపలి వైపు అక్షరాలు ఉన్నాయి. ఉబ్బెత్తుగా, కుడి నుంచి ఎడమకు తిరగబడి.

రాయిని చూశాను. పెచ్చు ఊడినచోట షాబాద్ బండ నల్లగా, తడిగా, అందులో లోతు తక్కువ చెక్కుడు. ఇనుము తగలకూడదన్న మాట గుర్తొచ్చి, చేతి గోళ్ళతోనే మిగతాది ఊడదీశాను. తడిసిన సున్నం, చల్లటి మంట. గోళ్ళు చీలాయి. పైన ఇంగ్లీషులో పేరు, వడ్రంగి అని. కింద తెలుగులో, పాత రకం గుండ్రటి అక్షరాల్లో రెండు వరుసలు. "ఇతని భార్య శాంతమ్మయు, కుమారుడు దావీదును ఈ రాయి నిలిపిరి."

నేను అరిచాను. "టీచర్!" అనే అరిచాను. "టీచర్! ఉన్నది! ఈడనే ఉన్నది!" అలవాటైన నోరు. ఫామ్‌హౌస్ కాపలా మనిషి గోడ మీద నుంచి తొంగి చూశాడు. అప్పుడు నాకు నా పన్నెండో ఏట కుంచె గుర్తొచ్చింది. దండిగ పెట్టు పిల్లా. రెండు, మూడు. ఆమె తండ్రి, తాత, ఆమె, నేను. తాతకు ఆ రాత తెలిసే ఉంటుంది, అందరికీ కనబడేదే గదా అని ఎవరికీ చెప్పలేదేమో. మేమంటే గిట్టనివాళ్ళు ఎవరూ ఆ రాతను దాచలేదు. పట్టు బాగా ఉండాలని బెల్లం నీళ్ళు కలిపి మరీ మేమే దాచాం. చేవెళ్ళ పోయాం, అమెరికా దాకా ఉత్తరాలు రాశాం, ఏటా ఒకసారి ఆ మాట మీద సున్నం పూసి, ఇంటికి వచ్చి, ఆ మాట కోసం వెతికాం.

యేసుదాసు తాతను పిలుచుకొచ్చాను. ఆయనకు ఇప్పుడు చూపు తక్కువ. మోకాళ్ళ మీద వంగి, అక్షరం అక్షరం వేలితో తడుముతూ పోయాడు. 'భార్య' దగ్గర ఆయన వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి తడిమాడు. తర్వాత అన్నాడు: "దొరలు బతికున్న దినాలు. ఆళ్ళ కండ్ల ముంగట, ఆళ్ళ వరుసల, అబద్దం చెక్కనిస్తరా బిడ్డా? నిజమే ఇది." కర్ర పట్టుకుని లేవబోయి లేవలేకపోయాడు. నేను చేయి ఇచ్చాను. "నా చిన్నప్పుడు మా నాయిన చెప్పిండే, మొండిరాయి అని. నేను గదే చెప్పిన." గోడ వైపు, ఆమె ఉన్న వైపు చూశాడు. "తియ్యరాదు బిడ్డా ఇగ. పెట్టిన మనిషిని తియ్యరాదు." అది నాకూ తెలుసు. నాతాను దొర పక్కన ఒక్క మనిషికి చాలిన ఖాళీ జాగాలో వడగళ్ళు ఇంకా కరుగుతున్నాయి.

మార్గరెట్ గారికి ఫొటోలు పంపాను. వారానికి ఆమె మళ్ళీ రాసింది. వాళ్ళ ఇంటి బైబిలులో ఆ పాత వాక్యం కింద, తన చేతిరాతతో, 'భార్య శాంతమ్మ, కొడుకు దావీదు' అని చేర్చి, ఆ పేజీ ఫొటో తీసి పంపింది. చూడండి! మా ఊరి ఆడమనిషి పేరు అమెరికాలో ఒక ఇంటి బైబిలులో ఉంది. ఇది నా వార్త. ఇంతకన్నా మంచి వార్త మా ఊళ్ళో ఏ తరమూ వినలేదు. రూతమ్మ టీచర్ బతికి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. ఎవల రాత అని అడిగేది. చూసినోళ్ళదే టీచర్ అని నేను చెప్పేదాన్ని.

నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎడమవైపు, పన్నెండేళ్ళ నా గుండ్రటి రాతలో, 'నాతాను దొర రాయి. రాత లేదు' అని ఉంది. కొట్టివేయలేదు, కొట్టివేతలు ఆమెకు నచ్చవు. ఆ పుస్తకంలో తప్పు వైపు పడిన మాట అదొక్కటే. చూశాననుకుని రాశాను గానీ, యేసుదాసు తాత నోట విన్న మాట అది. నేను చూసింది సున్నాన్ని. దాని కింద తారీకు వేసి, రాయి మీది రెండు వరుసలూ ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను. ఆ సున్నపు పెచ్చును గుడ్డలో చుట్టి కొలబద్దతో పాటు సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. అద్దం ముందు పెడితే 'భార్య' అని చక్కగా చదవొచ్చు. విప్పినప్పుడల్లా గుడ్డలో కొంచెం పొడి రాలుతోంది.

నిన్న రాత్రి భోజనాల దగ్గర నేను తినకుండా కూర్చుంటే అవ్వ నా వీపు మీద చేయి వేసింది. "ఎందుకే గంత ఫికర్? పైన ఆమెకు తెలిసే ఉంటది బిడ్డా."

తినడం అయ్యాక పుస్తకం తీశాను. కొలబద్ద ఆనించి కొత్త పేజీకి నడిమధ్యన గీత గీశాను. అవ్వ చెప్పిన మాట రాశాను. కుడివైపు రాశాను.